దొర తొట్టి

మొన్న మధ్యాహ్నం గరివిడిలో మా ఇంటికి నా చిన్ననాటి స్నేహితురాలు వచ్చింది. ఒక చేతిలో జీడిమామిడి పళ్ళ సంచి, ఇంకో చేతిలో పెళ్ళి శుభలేఖ కన్నా పెద్ద కార్డు. చూస్తే, మా ఊరి చర్చి ఆవరణలో మా బాప్ప విగ్రహం పెడుతున్నారట, దాని ఆవిష్కరణకు పిలుపు. బాప్ప అంటే మా నాన్నకు అక్క. మా వైపు మేనత్తను అలాగే పిలుస్తారు. విగ్రహారాధన మీద పోరాడిన ధీరవనిత అని ఆమె పేరు పైన బిరుదు అచ్చు వేయించారు. దాని కిందే ఆమె విగ్రహం ఫోటో.

సిమెంటుతో చేసి నిలువెల్లా బంగారు రంగు పూశారు. ఒక చేతిలో బైబిలు. రెండో చెయ్యి వచ్చేపోయే వాళ్ళని దీవిస్తున్నట్టు ఎత్తి ఉంది.

"ముక్కు సరిగ్గా రానేదు గానీ, బాగున్నాది కదా?" అంది స్నేహితురాలు.

ముక్కే కాదు, ఏదీ రాలేదు. మా బాప్ప బక్క మనిషి. ముందు పళ్ళు ఎత్తు. కనుబొమ్మల మధ్య ఎప్పుడూ ఒక ముడి. ఈ బొమ్మేమో బూరెబుగ్గలతో ఎవరినో మెప్పించడానికి నవ్వుతోంది.

"దండలు జారిపోకండా భుజాల ఎనకాతల కొక్కేలు కూడా ఎట్టించినాం" అని సంబరంగా చెప్పింది.

నాకు నవ్వాగలేదు. ఆమె ముఖం చిన్నబోయింది. "నవ్వుతావేటే? నా పేణం నిలబెట్టిన మనిషి ఆవిడ. ఆ మాత్రం సెయ్యకూడదా?"

"సెయ్యండి. ఆనక పాలతో స్నానం కూడా సేయించండి" అన్నాను. అంతకన్నా మంచి మాట నోటికి రాలేదు.

ఆమె వెళ్ళిపోయాక సంచి విప్పాను. మగ్గిన జీడిమామిడి వాసన, తీపీ వగరూ కలిసి కొంచెం పులిసినట్టుండే ఆ వాసన, గదుల్లోకంతా పాకింది. మా ఊరి ఎండాకాలం మొత్తం అదే వాసన వేసేది.

మా ఊరు పొందూరుకు దగ్గరలో, ఇసుక నేలలో ఉండేది. చర్చి వెనక జీడితోట, తోటలో మిషనరీ దొర బంగళా. మేం పుట్టకముందే దొరలు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. వాళ్ళు అటు బండెక్కారో లేదో, ఇటు చర్చి సంఘం వాళ్ళు బంగళా మీద పడ్డారట. తలుపులు ఒకరు, కిటికీలు ఒకరు, కుర్చీలు ఒకరు పట్టుకుపోయారు. మా చిన్నప్పుడు ఏ విశ్వాసి ఇంటికి వెళ్ళినా దొరగారి వస్తువొకటి కనిపించేది. ఒకరింట్లో గాజు దీపం, ఇంకొకరింట్లో పింగాణీ పళ్ళెం. జ్ఞాపకార్థం ఉంచుకున్నామనేవారు. స్నానాల తొట్టిని మాత్రం ఎవరూ పట్టుకుపోలేకపోయారు. పోత ఇనుముతో చేసి, తెల్లటి పింగాణీ పూత పూసిన తొట్టి అది. నాలుగు కాళ్ళకూ పులి పంజాల్లా గోళ్ళు. బావి దాకా ఈడ్చి, ఇక చేతకాక అక్కడే వదిలేశారు. మోయలేకపోయారు కాబట్టి చివరికి అది దేవుడిదైంది.

దేవుడిది కాకముందు అది గేదెలదీ, మాదీ. నేనూ నా స్నేహితురాలూ బడి లేనప్పుడల్లా దాని దగ్గరే ఉండేవాళ్ళం. అందులో ఆకుల పడవలు వదిలేవాళ్ళం. తోటలో జీడిగింజలు ఏరి, ఎండుటాకుల మంటలో కాల్చి, రాయి పెట్టి చితక్కొట్టి తినేవాళ్ళం. జీడి చమురు అంటి వేళ్ళ చర్మం ఊడి వచ్చేది. ఆ వేళ్ళు అమ్మకు కనపడితే వీపు మోగేది. కనపడకుండా ఉండాలని తొట్టి నీళ్ళలో చేతులు నానబెట్టుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళం. అది దొర ఒళ్ళు తోముకున్న తొట్టని మాకే కాదు, ఊళ్ళో అందరికీ తెలుసు.

నా స్నేహితురాలు సంఘపెద్దగారి ఆఖరి కూతురు. ఆయన సంగతి చెప్పాలి. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, చేతిలో పొన్నుకర్ర. ఆయన చర్చిలోకి వస్తుంటే పాట మధ్యలో ఉన్నా అందరూ లేవాలి. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఇళ్ళలో పొయ్యి మీద పప్పు మాడిపోయేది. ఆ ప్రార్థన వింటుంటే, దేవుడికి మేమెవరమో తెలియక ఈయన మమ్మల్ని పరిచయం చేస్తున్నట్టుండేది. ఆయన భార్యను నేను పిన్ని అనేదాన్ని. ఆమె గొంతు మాకు తెలియదు. పాటలకు పెదాలు కదిపేది. అంతే.

మా బాప్ప పని వేరు. పొందూరు నేత తెల్ల చీర, నల్ల గొడుగు, గుడ్డ సంచీలో బైబిలు. పొద్దున్నే ఇంత చోడి అంబలి, అదే రాగిజావ, తాగి బయల్దేరి, చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళకు బైబిలు చదివి చెప్పి వచ్చేది. ఒక్కోసారి వారాల తరబడి వచ్చేది కాదు. భర్త పెళ్ళయిన కొత్తలోనే పోయాడు. ఊళ్ళో వాళ్ళు బైబులమ్మ అనేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక ముసలమ్మలు చుట్టలు ముట్టించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పొగ వదిలేవారు. సంఘపెద్ద వాళ్ళని పాపిష్టివాళ్ళనేవాడు. బాప్ప వెళ్ళి వాళ్ళ మధ్యే కూర్చునేది. ఆమె కూడా ఒకప్పుడు కాల్చినదే. "సుట్ట మానీసినాను గానీ మిమ్మల్ని మానీనేదు కదే" అనేది వాళ్ళతో.

సాయంత్రాలు పొయ్యి ముందు కూర్చుని, చింతకాయ పెచ్చులు చిటపటలాడే మంటలో ఎండునెత్తళ్ళ చేపలు కాలుస్తూ మాకు ప్రవక్తల కథలు చెప్పేది. ఆ కథల్లో విగ్రహాల కథలంటే నాకు ప్రాణం.

"ఒకడు అడివికెల్లి సెట్టు కొట్టినాడు. సగం కర్ర పొయ్యిలో ఎట్టి అన్నం ఒండుకున్నాడు, మాంసం కాల్సుకున్నాడు. అబ్బ, ఎచ్చగున్నాది అన్నాడు. మిగిలిన సగానికి ముక్కూ మూతీ సెక్కి, నువ్వే నా దేవుడివి, నన్ను కాపాడు అని దాని ముందర బోర్లా పడ్డాడు. ఓరి బుర్ర తక్కువోడా, పొయ్యిలో ఎట్టిన కర్రలో నేని దేవుడు మూల నిలబెట్టిన కర్రలోకి ఎలాగొచ్చినాడ్రా?"

మేం పడి పడి నవ్వేవాళ్ళం. సంఘపెద్ద కూడా ఈ కథలే చెప్పేవాడు గానీ, ఊళ్ళో అమ్మవారి పండగ నాడు చెప్పేవాడు. ఘటాలు చర్చి ముందు నుంచి వెళ్తుంటే అరుగు మీద నిలబడి, వాళ్ళకు వినపడేలా గొంతు పెంచేవాడు. ఒక ఏడు బాప్ప ఆయన పక్కకు వెళ్ళి నిలబడింది.

"తమ్ముడూ, ఈ మాటలు ప్రవక్త ఎవులికి సెప్పినాడు?"

"విగ్రహాలకి మొక్కీవోళ్ళకి."

"కాదు. దేవుడి జనానికి సెప్పినాడు. ఎడారిలో బంగారు దూడని సేసుకున్నది దేవుడి జనమే. విగ్రహాల జోలికెల్లకండర్రా పిల్లల్లారా అని ముసిలి యోహాను ఉత్తరం రాసింది సంఘానికే. అదంతా నీకూ నాకూ సెప్పింది. ఆ ఎల్లేవోళ్ళకి సెప్పింది కాదు. నోరు మూసుకుని లోపలికి నడు."

ఆయన లోపలికి నడిచాడు. కానీ అంతమంది ముందు ఆ మాట పడినందుకు ఆమెను ఎప్పటికీ క్షమించలేదు.

ఒక ఎండాకాలం బావులన్నీ అడుగంటాయి. తొట్టిలో మాత్రం నీళ్ళుండేవి. గేదెల కోసం వాటి కాపరి ఏటి నుంచి తెచ్చి పోసేవాడు. కళ్ళకలకతో బాధపడుతున్న ఒక విశ్వాసి ఆ నీళ్ళతో కళ్ళు కడుక్కున్నాడు. ఎవరికైనా తగ్గినట్టే అతనికీ కొన్నాళ్ళకు తగ్గింది. ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాడు. నాకు బాగా గుర్తుంది, సంఘపెద్ద ముఖం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. దొర పోయాక ఆ ఊళ్ళో దొరలాంటి వాడెవడూ లేడన్న వెలితి ఆయనకు చాలా కాలంగా ఉంది.

ఆ పై వారం బైబిల్లోని బేతెస్ద కోనేటి కథ మీద ప్రసంగం చేశాడు. దేవదూత దిగి నీళ్ళు కదిలించడం, ముందు దిగినవాడి జబ్బు నయమవడం. ఆ తర్వాత గేదెలను తోలేశారు. తొట్టి మీద రేకుల పందిరి లేచింది. పందిరికి సిలువ, తొట్టి చుట్టూ కొవ్వొత్తులు. బంతిపూల దండ కూడా వేశారు. దూత వచ్చిన చోటు కాబట్టి తప్పులేదన్నారు. సంఘపెద్ద ఇత్తడి చెంబుతో నీళ్ళు ముంచి, వచ్చినవాళ్ళ నోట్లో పోసేవాడు. జ్వరాలొచ్చిన వాళ్ళు, కడుపు పండని వాళ్ళు పైఊళ్ళ నుంచి నడిచి వచ్చేవారు. డబ్బు కోసం చేశాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. హుండీ కూడా పెట్టలేదాయన. మనుషులు చేతులు కట్టుకుని తన ముందు నోరు తెరవాలి, అంతే ఆయనకు కావలసింది. డబ్బు కోసమే చేసి ఉంటే అంత అసహ్యం వేసేది కాదు.

ఊరికి నెలకోసారి వచ్చే పాస్టరుగారు సైకిలు స్టాండు వేసి తొట్టిని చూశారు. సంఘపెద్ద ముఖం చూశారు. "ప్రభువు చిత్తం" అన్నారు. ఆయన ఏ విషయం మీదైనా అంతకు మించి మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు.

పడవలు వదులుకునే తొట్టి దగ్గరకు మమ్మల్ని రానివ్వడం లేదని నాకూ నా స్నేహితురాలికీ కడుపు మంట. ఒక శనివారం పొద్దున్నే ఎవరూ లేనప్పుడు పెద్ద కప్పనొకదాన్ని పట్టి అందులో వదిలాం. అది పాచి కిందకు పోయి నక్కింది. తర్వాత జనం వచ్చారు, పాట పాడారు, అందరూ కళ్ళార్పకుండా నీళ్ళవంక చూస్తున్నారు. ప్రార్థన మంచి పట్టులో ఉండగా కప్ప ఒక్కసారి గెంతి మళ్ళీ మునిగింది.

"దూత! ఓలమ్మో, దూత!" అని ఒకామె కేక పెట్టి కింద పడింది. ఒక ముసలాయన ముందున్న ఆడవాళ్ళని మోచేతులతో పొడుచుకుంటూ వెళ్ళి తొట్టిలో మూతి పెట్టేశాడు. సంఘపెద్ద కళ్ళమ్మట నీళ్ళు. "కదిలినాయి! మీరంతా సూసినారు!" అని అరిచాడు. మేమిద్దరం జీడిచెట్టు వెనక ఒకరి నోరు ఒకరం మూసుకున్నాం.

సాయంత్రం బాప్పకు చెప్పాం. పొయ్యి ముందు కూర్చుని, పొలమారేంతగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ టక్కున ఆగిపోయింది. "ఆ ముసిలాయనకి ఏటి జబ్బే?" అని అడిగింది. మాకు తెలియదన్నాం. మర్నాడు చర్చిలో లేచి నిలబడి, అది దొర స్నానాల తొట్టనీ, దాన్ని తీసెయ్యమనీ అడిగింది. "ఆ తొట్టిలో దొర ఒళ్ళు తోముకున్నాడు. ఆ మురికి ఎప్పుడో కాలవలోకి ఎలిపోనాది. ఇప్పుడు మీరు తాగుతన్నదేటి?" అంది. అందరికీ తెలిసిన సంగతే. అందరూ నేల చూపులు చూశారు. "అవిశ్వాసం మాటలు" అన్నాడు సంఘపెద్ద. బాప్ప సంచీ తగిలించుకుని ఊళ్ళు తిరగడానికి వెళ్ళిపోయింది.

ఆమె లేనప్పుడే నా స్నేహితురాలికి జబ్బు చేసింది. మొదట అన్నం సహించలేదు, తర్వాత వాంతులు. కళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. చూడటానికి వెళ్ళాను. చాప మీద వాడిపోయిన తోటకూరలా పడి ఉంది. వాళ్ళ నాన్న చెంబుతో తొట్టి నీళ్ళు తెచ్చి పట్టాడు. ఆ పిల్లకు కప్ప సంగతి తెలుసు. నావంక చూసింది. నోరు బిగించింది. ఆయన బుగ్గలు నొక్కి పోశాడు. పిన్ని గుమ్మంలో నిలబడి చీరకొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పిల్ల నన్ను గుర్తుపట్టలేదు.

ఆ మధ్యాహ్నమే బాప్ప ఊళ్ళోకి దిగింది. నేను పరుగెత్తుకెళ్ళి చెప్పాను. ఇంటికి కూడా పోకుండా, గొడుగు చేతిలోనే పట్టుకుని నేరుగా వాళ్ళింటికి నడిచింది.

"తమ్ముడూ, పిల్ల కళ్ళు సూసినావా? బండి కట్టించు. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి ఎలదాం."

"ఎలాగెల్తానక్కా? పదూళ్ళోళ్ళకి ఈ నీళ్ళే ఇచ్చినాను. నా కూతుర్ని ఆస్పత్రికి మోసుకెల్తే ఏటనుకుంటారు? రేపు ఆదివారం జనం వస్తారు. నా మాట ఏటైపోతాది?"

"నీ మాట సంగతి కాదు. పిల్ల ఏటైపోతాదని అడుగుతన్నాను."

"అబ్రాహాము కొడుకునే బలి ఇవ్వడానికి ఎల్లినాడు."

"అబ్రాహాముకి కత్తి దించమని పైనించి కేకేసినారు. నీకు నాను కేకేస్తన్నాను. ఇనపడతందా?"

కంచె అవతల పక్కింటి రైతు ఎడ్లకు కుడితి పెడుతూ అంతా వింటున్నాడు. మాకు వరసకు మావ అయ్యేవాడు. అమ్మవారి పండగలో ఘటం మోసేది వాళ్ళింటి వాళ్ళే. "పెద్దాయనా, మేం అమ్మోరికి మొక్కుతాం. మొక్కీసి ఆస్పత్రికీ ఎల్తాం. అమ్మోరెప్పుడూ కోప్పడ్నేదు. మీ దేవుడికేటి అంత కోపం? బండి నాను కడతాను, పిల్లని తెండి" అన్నాడు.

"విగ్రహాలకి మొక్కీవోడి బండి నా గుమ్మం ముందర ఆగకూడదు" అన్నాడు సంఘపెద్ద. గుమ్మానికి అడ్డంగా కర్ర పట్టుకుని కూర్చున్నాడు. నేను ఎన్నో రకాల మూర్ఖులను చూశాను. పదవుల్లో ఉన్నవాళ్ళను, చదువుకున్నవాళ్ళను కూడా చూశాను. ఆ గుమ్మంలో కూర్చున్న మనిషి ముందు వాళ్ళంతా ఎందుకూ కొరగారు.

బాప్ప రోడ్డు పక్క రాళ్ళు కొట్టే వాళ్ళ దగ్గరకు వెళ్ళి సమ్మెట అడిగింది. దాన్ని ఇసుకలో ఈడ్చుకుంటూ తొట్టి దగ్గరకు నడిచింది. నేను వెనకే. చూసినవాళ్ళు పనులు వదిలి చేరారు. సంఘపెద్ద కూడా గుమ్మం వదిలి కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "సంఘం ఆస్తి! ఎవులైనా ఆపండి!" ఎవరూ ఆపలేదు. ఆమెకు తోడూ రాలేదు. ఎవరి మీద పిడుగు పడుతుందో చూద్దామని దూరంగా నిలబడ్డారు.

బాప్ప దండ తీసి అవతల పారేసింది. సమ్మెట ఎత్తి కొట్టింది. పింగాణీ పూత కొంచెం లేచింది. మళ్ళీ కొట్టింది. ఆ బక్క చేతుల్లో బలం లేదు. సమ్మెట జారిపోయింది. ఆమె ఒగరుస్తూ ఇసుకలో కూలబడింది. జనంలో ఎవరో నవ్వారు. "సూసినారా! దేవుడు కాపాడుకుంటాడు!" అన్నాడు సంఘపెద్ద.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ పిన్ని వచ్చింది. జుట్టు ముడి విడిపోయి ఉంది. కొంగు నడుముకు బిగించుకుంది. "తప్పుకో ఒదినా" అంది. ఆ గొంతు ఎవరిదా అని అందరం చుట్టూ చూశాం.

సమ్మెట ఎత్తింది. ఏళ్ళ తరబడి రోట్లో వడ్లు దంచిన చేతులవి. ఆగకుండా ఒకే చోట, ఒకే ఊపుతో దించుతూ పోయింది. ఇనుము గంటలా మోగింది. తర్వాత ఆ మోత మారింది. తొట్టి నిలువునా పగిలింది. పాచి నీళ్ళు భళ్ళున బయటకొచ్చి సంఘపెద్ద చెప్పులు తడిపి, ఇసుకలో ఇంకిపోయాయి. రెండు కప్పలు గెంతుకుంటూ తోటలోకి పోయాయి. ఆకాశం ఎలా ఉన్నది అలాగే ఉంది.

పిన్ని సమ్మెట పడేసి ఇంట్లోకి వెళ్ళి, కూతుర్ని భుజాన వేసుకుని వచ్చింది. మావ బండి వాళ్ళ గుమ్మం ముందే ఆగి ఉంది. బాప్ప కూడా ఎక్కింది. బండి కదిలేటప్పుడు సంఘపెద్ద బావి దగ్గరే ఉన్నాడు. వంగి తొట్టి ముక్కలు ఏరుతున్నాడు.

ఈ సంగతి నా స్నేహితురాలికి మొన్నటి దాకా తెలియదు. ఆ మధ్యాహ్నం ఆమె ఒళ్ళు తెలియకుండా ఉంది. ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు. మొన్న కార్డు తెచ్చినప్పుడు నేనే చెప్పాను. విగ్రహమంటూ పెట్టాలనుకుంటే మీ అమ్మకు పెట్టాలి గానీ, అసలు ఎవరికీ పెట్టకూడదు అన్నాను. కార్డు నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ చూసుకుంది. "అమ్మా? అమ్మ గొంతెత్తి మాట్లాడ్డమే నాను సూణ్ణేదు" అంది. తర్వాత నెమ్మదిగా, "బొమ్మ తయారైపోనాదే. ఇప్పుడేటి మారుస్తాం?" అంది.

ఆసుపత్రిలో ఆ పిల్ల చాలా రోజులుంది. ఏ నీళ్ళు తాగించారని డాక్టరు అడిగితే పిన్ని దాచలేదట. "దొర తొట్టి నీళ్ళండి" అందట. ఆయనకు అర్థంకాక మళ్ళీ మళ్ళీ అడిగాడట. ఎలాగైతేనేం, పిల్ల దక్కింది. ఎముకలూ చర్మంతో ఇంటికి వచ్చింది.

మా సంఘం సిగ్గుపడి ఉంటుందని మీరు అనుకోవచ్చు. నీళ్ళ మహిమ కాస్త ఆలస్యంగా పనిచేసిందని సంఘపెద్ద ప్రకటించాడు. అందరూ ఆమెన్ అన్నారు. సంఘం కూడిక పెట్టి, పవిత్రమైన వస్తువును పగలగొట్టినందుకు మా బాప్పను ప్రభువు బల్ల నుంచి, అంటే సంఘమంతా కలిసి రొట్టె తీసుకునే ఆరాధన నుంచి, వెలివేశారు. పగలగొట్టింది తన భార్య అని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది కళ్ళారా చూసినవాళ్ళే. ఒక్కరూ పెదవి విప్పలేదు. "ప్రభువు చిత్తం" అన్నారు పాస్టరుగారు.

నాన్న మండిపడ్డాడు. "నువ్వెందుకు ఊరుకున్నావక్కా? నిజం సెప్పొచ్చు కదా?"

"సెప్తే ఆడు ఇంటికెల్లి దాన్ని బతకనిస్తాడేటి? నాకేటి, ఎవులు కొడతారు?" అంది బాప్ప, చేపలు శుభ్రం చేసుకుంటూ.

తొట్టి ముక్కల్ని మాత్రం జనం పంచుకున్నారు. ఒకరు బియ్యం కుండలో వేసుకున్నారు, ఒకరు పెట్టెలో బైబిలు కింద దాచుకున్నారు. ఒకామె చంటిపిల్లాడి ఊయలకు కట్టింది. పంజా ఉన్న కాలు ముక్క కోసం ఇద్దరు విశ్వాసులు కొట్టుకున్నారు. పగిలిన తొట్టి ఇల్లిల్లూ చేరింది. మా వాళ్ళ చేతికి ఏది దొరికినా దాన్ని దేవుణ్ణి చేసుకోగలరు. ఆ ఒక్క పనిలో వాళ్ళకు అలసటన్నది లేదు.

ఆ పై నెల బల్లారాధన ఆదివారం బాప్ప మామూలుగానే చర్చికి వచ్చింది. లోపలికి రానివ్వలేదు. కిటికీ కింద నీడలో ఇసుక మీద చతికిలబడి, బైబిలు విప్పుకుంది. నేను కిటికీ పక్కనే కూర్చున్నాను. ఆమె తెల్ల చీర కొంగు మాత్రం కనబడుతోంది.

రొట్టె పళ్ళెం వరసల వెంట తిరిగింది. బన్ను రొట్టెను గోరంత ముక్కలుగా కోసేవారు. పిన్ని తన ముక్క తీసుకుంది. నోట్లో వేసుకోలేదు. లేచింది. పక్కన నీరసంగా నిద్రపోతున్న కూతుర్ని భుజాన వేసుకుని, బల్ల ముందు నిలబడ్డ భర్త ఎదురుగా నడిచి, తలుపు దాటి బయటకు వెళ్ళిపోయింది. పాట ఆగిపోయింది. అందరూ కిటికీల వైపు తిరిగారు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను.

పిన్ని ఇసుకలో బాప్ప పక్కన కూర్చుంది. ఆ గోరంత ముక్కను రెండుగా తుంచబోయింది. పొడుమైంది. ఆ పొడుమునే బాప్ప అరచేతిలో సగం పోసింది.

"సమ్మెట ఎత్తింది నాను. నీకెందుకే ఈ గాచారం?" అంది, లోపలికి వినపడేలా.

బాప్ప ఆ పొడుమును నోట్లో వేసుకుంది. కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత చీర దులుపుకుని లేచింది. "ఇదేటి, పిచికలు కూడా తిననంత. పద, అన్నం ఒండుతాను. ఒసే గుంటా, నువ్వూ రా" అని నన్ను కూడా కేకేసింది. లోపల నుంచి సంఘపెద్ద ఏదో అరిచాడు. వాళ్ళు వెనక్కి తిరగలేదు. నేను అమ్మవంక చూశాను. అమ్మ పాటల పుస్తకంలో తల దూర్చి, కనపడనట్టు చెయ్యి ఊపి వెళ్ళమంది.

ఆ పూట బాప్ప వంటింట్లో నలుగురం తిన్నాం. ఎండునెత్తళ్ళు వేసిన వంకాయ పులుసు, వేడి అన్నం. పథ్యం కాబట్టి నా స్నేహితురాలికి మజ్జిగ అన్నమే పెట్టారు. మా కంచాల్లోకి చూస్తూ అది ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. జబ్బు పడ్డాక అది తిండి కోసం ఏడవడం అదే మొదలు. పిన్నీ బాప్పా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిన్ని తన వేలికి అంటిన పులుసు దాని నాలిక మీద రాసింది. బాప్ప కసిరింది. మళ్ళీ తనే ఇంకొంచెం రాసింది.

ఆ తర్వాత నేను చాలా చర్చిల్లో రొట్టె తీసుకున్నాను. వెండి పళ్ళేల్లో, చలువరాతి నేలల మీద, ప్రసంగించేవాడి నిలువెత్తు ఫ్లెక్సీ కింద కూడా తీసుకున్నాను. ఎక్కడా ఏమీ అనిపించలేదు. ప్రభువు బల్ల అనగానే నాకు ఆ పొగచూరిన వంటిల్లే కళ్ళ ముందు కదులుతుంది. ఆ ఇల్లు ఎప్పుడో పడిపోయింది. ఆ జాగాలో ఎవరో గడ్డివాము వేసుకున్నారు. అక్కడ ఏం జరిగిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. కొవ్వొత్తి వెలిగించడానికీ, దండ వెయ్యడానికీ ఎవరూ రారు. ఆ ఊరి గురించి తలుచుకుంటే నాకు తృప్తినిచ్చే సంగతి అదొక్కటే.